గుండుతో కలిపి నలుగురం

హఫీజ్‌పేట్, హైదరాబాద్
9 ఆగస్టు 1998

వదినా,

ఇక్కడ అందరం బాగున్నాం. నవ్యకు కొత్త టీచరు నచ్చింది. నాకు ఆఫీసులో అవే పాత ఫైళ్ళు. ఫోన్ చేస్తే మండీ దుకాణంలో అన్నే ఎత్తుతాడు, అందుకే జాబు రాస్తున్నా. ముందు నువ్వు చదివి, ఆయన భోంచేసి చల్లగా ఉన్నప్పుడు చెప్పు.

ప్రశాంతిని వాళ్ళ కంపెనీ విదేశం పంపిస్తోంది. ఇంగ్లండా, ఇంకోటా అన్నది ఇంకా తేలలేదు. రెండువేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లన్నీ తేదీ తప్పుతాయట, వాటిని సరిచేసే పని. కనీసం మూడేళ్ళు. జనవరిలో బయల్దేరాలి. ఆ సంగతి తెలిసిన రోజు చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి అడిగింది: "నువ్వొస్తవా? జర సోంచాయించి చెప్పు. రానంటే నేను గూడ పోను."

నేను సోంచాయించలేదు వదినా. వస్తానన్నా.

కరెంటాఫీసులో అంత పొడుగు సెలవు ఇవ్వరు, రాజీనామా ఇస్తాను. అక్కడ నేను ఉద్యోగం చెయ్యడానికి లేదు. వీసా మీద డిపెండెంటు అని కొడతారు, అంటే ఆమె మీద ఆధారపడినవాడు. ఉన్నమాటే కదా. ఇల్లు చూసుకుంటా, వండుతా, నవ్యను బడికి తీసుకుపోతా, గుండుగాడిని తిప్పుతా.

గుండు ఎవరో నీకు రాయలేదు కదూ. మేం కదిరికి రావడమే తక్కువ, వచ్చినప్పుడు వాడిని తేలేదు. ప్రశాంతి పుట్టింటివాళ్ళది ఖాజాగూడ అని తెలుసుగా. అక్కడ మేడలకోసం బండలు పేలుస్తుంటే గుండ్ల సందులో ఒక కుక్కపిల్ల దొరికింది. తల్లి బతకలేదు. మా మామ రామచంద్రం దాన్ని గోనెసంచిలో తెచ్చి నవ్య ఒళ్ళో పెట్టాడు. ఎర్రటివాడు, ఎడమచెవి చీలి రెండు ముక్కలుగా వేలాడుతుంది. నవ్య వాడికి చెప్పకుండా ఏ పనీ చెయ్యదు. వాడూ వస్తున్నాడు. గుండుతో కలిపి నలుగురం.

అన్నకు కోపమొస్తుందని తెలుసు. వచ్చినా పోతాం.

నీ మరిది
గిరీష్

*

కదిరి
18 ఆగస్టు 1998

అబ్బయ్యా గిరీషా,

వదిన దీవెనలు. మీ అన్నకు సంగటి తిన్నాక చెప్తి. చల్లగా ఉండాడనుకుంటి. చెంబెత్తి గోడకేసి కొట్టినాడు. "సర్కారు ఉద్యోగం ఇడిసిపెట్టి పెండ్లాం ఎనక పోతాడా? ఆడ అంట్లు తోముతాడా? మండీలో నేను తలెత్తుకోవల్లా వద్దా?" అని అరిస్తే పక్కింటోళ్ళు గోడమీద నుంచి చూసినారు.

అంట్లు తోమేది నాకు తప్పుగా తోచలేదు. పెండ్లయినప్పట్నుంచీ తోముతాండా, చెడిపోయిందేమీ లేదు. నా దిగులంతా బిడ్డ గురించి. భాష తెలియని ఊరికి, చలికి చెవులు మొద్దుబారే ఊరికి ఎనిమిదేండ్ల బిడ్డను తీస్కపోతారా? ఆడ ఎవరుండారు? జ్వరమొస్తే ఎవరు కూచుంటారు? నవ్యను ఈడ ఇడిసిపెట్టి పోండి. బడి మన వీధి చివరే. నెత్తికి నూనె పెట్టి జడేసేదానికి నేనుండా. ఆ కుక్కను మీ మామ కాడ, దొరికిన చోటనే ఇడిసిపెట్టండి. కుక్కను ఇమానం ఎక్కిస్తామని మాత్రం ఎవరికీ చెప్పొద్దు, నవ్వుతారు.

మీ అన్న ఒక మాట రాయమన్నాడు. పోతే మళ్ళా ఈ గడప తొక్కొద్దంట. ఆయన మాట ఆయనది, రాసినా.

వాన లేదు. చెనక్కాయ చేలన్నీ వాడిపోతాండాయి.

వదిన
శారదమ్మ

*

హఫీజ్‌పేట్
30 ఆగస్టు 1998

వదినా,

నవ్వేవాళ్ళను నవ్వనీ.

గుండును ఖాజాగూడలో వదలమన్నావు. నీకు మొదటి జాబు రాయకముందే వదిలి చూశాం. మా మామ ఇంటిచుట్టూ ఇప్పుడు పొలం లేదు, అంతా ప్రహరీ గోడలు, కంకర లారీలు. అక్కడ కట్టేసి వచ్చాం. వాడు తాడు కొరికి, కొండాపూర్ మీదుగా ఆ లారీల మధ్యే నడిచి వచ్చేశాడు. పొద్దున తలుపు తీస్తే మెట్టుమీద పడుకొని ఉన్నాడు, పాదాల తోలు ఊడిపోయి. నవ్య వాడి పక్కన కూర్చొని నావైపు చూసిన చూపు నీకు రాయలేను. ఇంకోసారి ఆ పని చెయ్యను.

కంపెనీ ముందు లండన్ అంది. కనుక్కుంటే ఇంగ్లండులో మన దేశం నుంచి వచ్చిన కుక్కను ఆరునెలలు విడిగా బోనులో ఉంచుతారట, రేబీస్ భయం. ప్రశాంతి తన మేనేజరు దగ్గరికి పోయి వేరే దేశం పని ఇమ్మని అడిగింది. ఆయన నవ్వి, "ముందు నువ్వొక్కదానివే వెళ్ళు, ఫ్యామిలీ తర్వాత చూద్దాం" అన్నాడట. "మేం నలుగురం సార్. నలుగురం పోయే జాగ ఉంటెనే చెప్పుండ్రి, లేదంటే నేను ఈడనే మంచిగున్న" అని వచ్చేసింది. వారం పాటు ఎవరూ పలకలేదు. ఉద్యోగమే పోతుందనుకున్నాం. తర్వాత వాళ్ళే పిలిచి హాలెండు ఇచ్చారు. అక్కడ బోను లేదు. టీకా వేయించి నెల దాటాలి, ప్రయాణానికి ముందు డాక్టరు చూసి ఆరోగ్యంగా ఉన్నాడని రాసివ్వాలి, అంతే.

టీకా వేయించాం. మియాపూర్‌లో ఒక వడ్రంగికి పెట్టె చెప్పాం. వాడు లోపల నిలబడాలి, చుట్టూ తిరిగి పడుకోవాలి, మూడువైపులా గాలి ఆడాలి. వడ్రంగి వచ్చి దర్జీలా గుండు కొలతలు తీసుకున్నాడు. ఇప్పటినుంచే పెట్టెలో పడుకోవడం అలవాటు చెయ్యాలట.

ఇక నవ్య సంగతి ఎత్తొద్దు వదినా. మీకు పిల్లలు లేరని, ఆ లోటు నా బిడ్డతో పూడ్చుకోవాలనుకోవడం న్యాయం కాదు. గడప తొక్కొద్దంటే తొక్కనని అన్నకు చెప్పు.

గిరీష్

*

కదిరి
12 సెప్టెంబరు 1998

గిరీషుకు,

నీ జాబు అందింది. చివర రాసిన మాట మళ్ళా మళ్ళా చదివినా, తప్పుగా చదివినానేమో అని.

నాకు పిల్లలు లేరని ఊర్లో చానామంది అన్నారు. నీళ్ళకాడ అన్నారు, పెండ్లిండ్లలో అన్నారు, పసుపు కుంకం ఇచ్చేటప్పుడు నన్ను దాటిపోయి చూపించినారు. నువ్వొక్కడివి అనలేదు. ఇప్పుడు ఆ లెక్కా పూర్తాయ.

మీ అమ్మ పోయేనాటికి నీకు ఏడేండ్లు. నేను కాపురానికొచ్చి ఏడాది కాలేదు. నీకు అమ్మవారు పోస్తే ఏపాకులు పరిచి నెల్లాళ్ళు పక్కన కూచున్యా. బిడ్డను పెంచేది నాకు తెలిసిన పని. తెలిసిన పనిని చేస్తానంటి. దానికి నువ్వు పెట్టిన పేరు వేరే.

అడిగినా, వద్దంటివి. ఇంక అడగను. కానీ ఒకటి చెప్తా విను. అనరాని మాట అన్నోడివి నువ్వు. నేను తల దించుకోను, ఏడవను, జాబులు రాసేది మానను. నీకు ఇష్టముంటే చదువు, లేకుంటే పొయ్యిలో ఎయ్యి.

మీ అన్న సరుకు లారీతో పాటు హైదరాబాదు వస్తాడంట, నెలాఖర్లో. మీ ఇంట్లో ఒక పూట ఉంటానన్నాడు. నాలుగు దినాలుగా మెత్తగా మాట్లాడుతాండాడు. నాకే ఎట్లనో ఉంది.

శారదమ్మ

*

హఫీజ్‌పేట్
4 అక్టోబరు 1998

వదినా,

ముందు ఆ మాటకు. రాసింది నేనే. ఎవరో నా బిడ్డను లాక్కుపోతున్నట్టు భయపడి, ఎదురుగా నువ్వున్నావని చూడకుండా విసిరాను. దానికి సంజాయిషీ లేదు. నీ జాబు ప్రశాంతికి చదివి వినిపిస్తే, "అక్కకు గిట్ల రాసినవా? నీకు చెయ్యెట్లొచ్చింది?" అని నిలదీసింది. క్షమించమని అడుగుతున్నా. క్షమించకపోయినా జాబు మాత్రం రాస్తుండు.

అన్న వచ్చాడు. వదినా, నేను నమ్మలేకపోయాను. ప్రశాంతి వడ్డిస్తే మారు అడిగి తిన్నాడు. నవ్యను స్టేషన్‌కు తీసుకుపోయి రైళ్ళు చూపించాడు. గుండుకు బిస్కెట్లు కొనిచ్చాడు, వాడు ఆయన కాళ్ళ దగ్గరే పడుకున్నాడు. "పోతే పోండి, కుక్కను నాకిచ్చిపోండి, మండీలో కాపలా ఉంటుంది" అన్నాడు. ఇవ్వలేమన్నాను. నవ్వి ఊరుకున్నాడు. మా అన్న మళ్ళీ నాకు దొరికాడనుకున్నా.

తెల్లవారుజామున లారీ వచ్చిందని, మమ్మల్ని లేపకుండానే వెళ్ళిపోయాడు. లేచి చూస్తే గేటు తీసి ఉంది. గుండు లేడు.

లారీ వెంట పరుగెత్తి దారి తప్పాడనుకున్నాం. పట్టాల వెంబడి మియాపూర్ దాకా వెతికాను. కుక్కల బండి వాళ్ళను అడిగాను. ప్రశాంతి సెలవు పెట్టి, వాళ్ళ నాన్నతో ఖాజాగూడ గుండ్లన్నీ ఎక్కి దిగింది. అన్నకు ఫోన్ చేస్తే "నేనొచ్చేటప్పుడు గేటుకాడ పండుకొని ఉండె" అన్నాడు. చీలిన చెవి గుర్తు చెప్పి వీధి వీధికీ అడుగుతున్నాం.

పెట్టె తయారై ఇంటికొచ్చింది. నవ్య అందులో వాడి దుప్పటి పరిచి, గేటు దగ్గర కూర్చుంటోంది. వాడు లేకుండా నేను రానంది, ఏడవకుండా అంది. బలవంతంగా ఎత్తుకుపోగలనా వదినా? ప్రశాంతి టికెట్లు ఆపమని ఆఫీసులో చెప్పింది.

గిరీష్

*

కదిరి
5 అక్టోబరు 1998

అబ్బయ్యా,

నీ జాబు రాకముందే రాస్తాండా. మీ అన్న వచ్చి చెప్పినాడు, మీరు ప్రయాణం మానుకుంటారని. "చూస్తాండు, వాళ్ళు యాడికీ పోరు" అని కాళ్ళు కడుక్కుంటానే అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. నువ్వు రాసిన ఆ మాట మీద నా కోపం సగం పోయింది. మీ అన్న చెప్తే విన్నావు చూడు, అదే చాలు. ప్రశాంతికి మనసు కష్టంగా ఉంటుంది, ఆమెను ఏమీ అనొద్దు. పనిమంతురాలు, ఈడనే పైకొస్తుంది.

ఈడ పెద్ద సంగతులేమీ లేవు. మండీ ఎనక గోదాములో కాపలాకని మీ అన్న ఒక కుక్కను తెచ్చినాడు. కట్టేసినప్పట్నుంచీ ముద్ద ముట్టదంట. దాని ఏడుపు మన ఇంటిదాకా వినపడుతుంది. అట్లాంటిదాన్ని ఏంటికి తెచ్చినాడో.

నవ్యకు చెనక్కాయ ఉండలు చేసి పంపుతా.

వదిన

*

కదిరి
10 అక్టోబరు 1998
(ఓబులేసు చేతికిచ్చి పంపే జాబు)

గిరీషా,

నీ నాలుగో తేదీ జాబు ఈ పొద్దు మధ్యాన్నం అందింది. చెవి చీలిన సంగతి చదివి జాబు చేత్తో పట్టుకొనే మండీకి పోయినా. ఇంతవరకూ నేను గోదాములో కాలు పెట్టినదాన్ని కాదు. హమాలీలు లేచి నిలబడినారు.

మూటల ఎనక, ఇనుప గొలుసుతో కట్టేసి ఉండాడు. ఎముకలు లెక్కబెట్టొచ్చు. నేను "గుండూ" అంటి. తల ఎత్తినాడు. ఇంకొకసారి "గుండూ, నవ్య యాడ?" అంటి. లేచి నిలబడి, గొలుసు తెగేట్టు గుంజి, నా చీర కొంగు పట్టుకున్నాడు. చెవి చూసినా. ఆడనే నేలమీద కూచుంటి. నా చేతిలో మజ్జిగన్నం తిన్నాడు. మొత్తం తిన్నాడు.

లారీ డ్రైవరు ఓబులేసును పిలిపించి అడిగితి. "అయ్య ఎక్కించమన్నాడమ్మా. మా తమ్ముడే ఇచ్చినాడు అన్నాడు" అని తలకాయ గోక్కున్నాడు.

"రేపు సరుకు యాడికి?"

"హైదరాబాదే."

"తెచ్చినోడివి నువ్వే, తిరిగి ఇచ్చేదీ నువ్వే. నీ పక్కన కూచోబెట్టుకొని పో. ఎనక కట్టెయ్యొద్దు."

"అయ్య నన్ను పనిలోనుంచి తీసేస్తాడమ్మా."

"నేనే పంపినానని చెప్పు. తీసేస్తే నన్ను కూడా తీసెయ్యమను."

మీ అన్న అనంతపురం పోయినాడు, ఎల్లుండి రాత్రి బండికి వస్తాడు. నేనే వచ్చి కుక్కను నీ చేతికిచ్చేదాన్ని. కానీ నేను పంపినానని ఆయన మొగం చూసి చెప్పేది నా పని. ఓబులేసు మీద తోసి నేను పారిపోను.

ఆయన మాట నమ్మి నీకు శుభం పలికినట్టు జాబు రాస్తినే, అదే నాకు సిగ్గుగా ఉంది. అది చించెయ్యి.

టికెట్లు మళ్ళా చేయించుకోండి.

వదిన

*

హఫీజ్‌పేట్
13 అక్టోబరు 1998

వదినా,

లారీ మా వీధిలోకి రాలేదు. ఓబులేసు రోడ్డుమీద ఆపి, గుండును దింపి నడిపించుకొని వచ్చాడు. మలుపు తిరిగాక పట్టుకోలేకపోయాడట, వదిలేశాడు. నవ్య గేటు దగ్గరే ఉంది. నేను లోపల అన్నం వారుస్తున్నా. అరుపు వినిపించి బయటికొస్తే ఇద్దరూ మట్టిలో దొర్లుతున్నారు, ఎవరి ఏడుపు ఎవరిదో తెలియలేదు.

నీ ఐదో తేదీ జాబు గుండు ఇల్లు చేరే ముందురోజే వచ్చింది. అది చదివి, నువ్వు కూడా ఇందులో ఉన్నావనుకున్నా. గోదాములో కుక్క అని నువ్వే రాశావు కదా, ఎగతాళికి రాశావనుకున్నా. రెండుసార్లు నీ గురించి తప్పనుకున్నాను వదినా. రెండోది నేను జాబులో రాసేలోపే నువ్వు చెరిపేశావు.

ఓబులేసు తెచ్చిన నీ జాబు చదివి ప్రశాంతి నేరుగా పోయి మండీకి ఫోన్ కొట్టింది. నేను ఆపేలోపే, "బావగారూ, నేను ప్రశాంతిని. మా కుక్క ఇల్లు చేరింది. ఇగ మేం పోతున్నం. మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అని పెట్టేసింది.

నా మటుకు నాకు అన్న లేడు. ఈ మాట ఆయనకు చెప్పు. నువ్వు మాత్రం అక్కడ ఉండొద్దు. మా దగ్గరికి వచ్చెయ్యి.

గిరీష్

*

కదిరి
26 అక్టోబరు 1998

అబ్బయ్యా,

మీ ప్రశాంతి నా కొంప ముంచింది. మీ అన్న రాత్రి బండికి కాకుండా మధ్యాన్నమే ఊర్లో దిగి, నేరుగా మండీకి పోయినాడు. నేను ఇంట్లో ఏమేమి చెప్పల్లో అన్నీ సర్దుకొని కూచోనుంటే, ఆయన అప్పటికే ఫోన్లో అంతా విని వచ్చినాడు. నేను చెప్పల్లనుకున్న మొదటి మాట నీ పెండ్లాం తినేసింది. మంచిదే. ఆ పిల్లకు ధైర్యముంది.

"ఎవరినడిగి పంపితివి?" అన్నాడు.

"ఎవరినడిగి తెస్తిరి?" అంటి.

చెయ్యెత్తినాడు. నేను కదల్లేదు. "కొట్టేదయితే వీధిలోకి పోదాం పదండి. దొంగసొత్తు తిరిగిచ్చినందుకు కొడుతున్నానని నలుగురికీ చెప్పి కొట్టండి" అంటి. చెయ్యి దించి మంచం మీద కూలబడినాడు.

"కుక్క లేకుంటే బిడ్డ కదలదు. బిడ్డ కదలకుంటే తల్లి ఆగుతుంది. ఆమె ఆగితే నా తమ్ముడు నాకుంటాడు. అంతకన్నా ఏమీ అనుకోలేదే నేను" అన్నాడు.

"బిడ్డను ఏడిపించి తమ్ముడిని నిలుపుకుంటారా? ఆ బిడ్డకు రేపు మీ మొగం ఎట్ల చూపిస్తారు?" అంటి. ఇప్పుడు ఇంట్లో మాటలు తక్కువ. నీ పేరు రావల్సిన చోట 'ఆ మనిషి' అంటాడు. ఓబులేసును మాత్రం తీసెయ్యలేదు.

నీకు అన్న లేడని చెప్పమన్నావు. చెప్పను. ఆయన గడప తొక్కొద్దంటే రాస్తి, అదే నా బుద్ధితక్కువ. ఇకమీదట మీ ఇద్దరి రాళ్ళూ నా చేత మోయించొద్దు. ఎవరి నోరు వాళ్ళకుంది.

ఇల్లొదిలి వచ్చెయ్యమన్నావు. నేనేంటికి రావల్ల? ఈ ఇల్లు నాది. తప్పు చేసినాయన ఇంట్లో తలొంచుకొని తిరుగుతాండాడు. నేను తలెత్తుకొనే తిరుగుతాండా.

వదిన

*

ఐండ్‌హోవెన్, హాలెండు
7 ఫిబ్రవరి 1999

వదినా,

వచ్చేశాం. నలుగురం.

బొంబాయి వరకు రైలు. కుక్కతో పోవాలంటే ఫస్టు క్లాసులో చిన్న గది మొత్తం మన పేర తీసుకోవాలి, లేకపోతే గార్డు పెట్టెలో వేస్తారు. నవ్య గార్డు పెట్టె చూసి వచ్చి, అయితే నేనూ అందులోనే అంది. గది తీసుకున్నాం. టీసీ తలుపు తెరిచి, గుండును చూసి, "దీనికోసమా?" అన్నాడు. "వాడితో కలిసి" అన్నాను.

విమానం ముందు అన్నం పెట్టొద్దన్నారు, నీళ్ళు మాత్రం. కాగితాలు చూసే ఆఫీసరు జాతి ఏమిటని అడిగాడు. నేను నసుగుతున్నా. ప్రశాంతి, "ఖాజాగూడ" అంది. ఆయన ఒకసారి ఆమెను, ఒకసారి గుండును చూసి, అక్షరాలు అడిగి మరీ రాసుకున్నాడు. ఇప్పుడు ఇక్కడి పార్కులో ఎవరైనా అడిగితే నవ్య కూడా అదే చెబుతోంది. ఒక ముసలాయన అది చాలా అరుదైన జాతి అని విన్నానన్నాడు.

దిగాక సామానుల పక్కన పెట్టె తెచ్చిపెట్టారు. లోపల చప్పుడు లేదు. నవ్య తలుపు తియ్యడానికి భయపడింది. నేనే తీశాను. మెల్లగా వచ్చి, ఒళ్ళు విరుచుకొని, ఆ మెరిసే నేలమీదే పని కానిచ్చాడు. ప్రశాంతి తన శాలువాతో తుడిచింది. నవ్వాగలేదు మాకు.

కంపెనీ చూపిన ఇంటివాళ్ళు కుక్క వద్దన్నారు. వేరే ఇల్లు దొరికేదాకా ఒక హోటలు వెనక గదిలో ఉన్నాం. కొన్నిసార్లు, ఎందుకొచ్చాం అనిపించింది, అబద్ధం చెప్పను. ఇప్పుడు ఊరి చివర చిన్న ఇల్లు, వెనక పెరడు. నవ్య బడిలో మొదటి రెండువారాలు నోరు విప్పలేదు, ఇంటికొచ్చి అంతా గుండుకు చెప్పేది. మొన్న ఒక పిల్లతో పోట్లాడి వచ్చింది, ఈ ఊరి భాషలో తెలిసిన నాలుగు ముక్కలతోనే. పండగలా ఉంది నాకు.

ఇక్కడున్న తెలుగువాళ్ళు భోజనానికి పిలిచారు. ఒకాయన అందరిలో అడిగాడు, "మీరేం చేస్తుంటారు?" అని. "వండుతా, ఉతుకుతా, బిడ్డను చూసుకుంటా" అన్నాను. ఆయన, "అది కాదండీ, పనీ..." అన్నాడు. "అదేనండీ పని" అన్నాను. వాళ్ళావిడ మాత్రం లేచి వచ్చి నాకు ఇంకో గరిటె పప్పు వేసింది.

వదినా, ఒకసారి రా. నీకొక గది ఉంది. ప్రశాంతే పిలుస్తోంది, నేను కల్పించి రాస్తున్నది కాదు. ఆయన్ను అడిగి రమ్మని మాత్రం రాయను.

గిరీష్

*

కదిరి
2 మే 1999

చిరంజీవులు గిరీషు, ప్రశాంతి, నవ్యలకు, ఆ గుండుగాడికి కూడా,

దీవెనలు. ఎండలు మండిపోతాండాయి. మీ మంచు కొంచెం ఈ పక్కకు తోయండి.

పోయిన నెల మీ చిన్నాయన కొడుకు సీతారామయ్య కూతురి పెండ్లి జరిగింది. బంతిలో కూచున్యాం. సీతారామయ్య వడ్డించుకుంటా వచ్చి, గట్టిగా, అందరికీ వినపడేట్టు, "ఏం ఆంజనేయులన్నా, మీ తమ్ముడు ఆడ పెండ్లానికి వండి పెడతాండాడంటనే? చీర కూడా కట్టుకున్నాడా?" అన్నాడు. మగోళ్ళు నవ్వినారు. ఆడోళ్ళు కొందరు నవ్వినారు. మీ అన్న ఆకులోకి చూస్తా కూచున్నాడు.

నేను లేచి నిలబడితి. "వండి పెడతాడు. పెండ్లానికీ, బిడ్డకూ. నీ పెండ్లాం నిరుడు టైఫాయిడుతో పడితే నీకు గంజి కాచేది రాక ఊరంతా తిరిగితివి, మరిచిపోతివా?" అంటి. సీతారామయ్య పెండ్లామే ముందు నవ్వింది.

ఆ రెండో దినమే పోయి ఫోటో దిగినా. పాస్‌పోర్టుకు పెట్టినా. పక్కింటి లక్ష్మీదేవి కూతురు కాగితాలు నింపింది. మీ అన్నను అడగలేదు, మీ అన్నకు దాచనూలేదు. రసీదు తెచ్చి దేవుడి గూట్లో పెట్టినా, ఆయన దీపం పెట్టేటప్పుడు చూడనీ అని. చూసినాడు.

నిన్న పొద్దున పోలీసు కానిస్టేబులు విచారణకు ఇంటికొచ్చినాడు. చిన్న వయసోడు. అరుగుమీద కూచొని పేరు అడిగినాడు, వయసు అడిగినాడు, ఊర్లో ఎన్నేండ్లుగా ఉండావని అడిగినాడు. మీ అన్న లోపల గదిలో పేపరు చదువుతాండాడు, చదివినట్టు కూచోనుండాడు.

"ఈ వయసులో ఫారిన్ ఏంటికమ్మా? ఆడ ఎవరుండారు నీకు?" అన్నాడు ఆ పిల్లోడు.

నేను నోరు తెరిచేలోపల లోపలినుంచి పేపరు మడిచిన చప్పుడైంది. మీ అన్న గడపలోకి వచ్చి నిలబడినాడు. మొగం ఎర్రగా ఉంది. నన్ను ఆపేదానికే వచ్చినాడనుకుంటి. గట్టిగా కొంగు బిగించి నేనూ నిలబడితి.

"మా తమ్ముడుండాడు. తమ్ముడింటికి పోతాంది. రాసుకో" అన్నాడు.

కానిస్టేబులు రాసుకున్నాడు.

మీ వదిన
శారదమ్మ